గోదావరి డెల్టాలో ఊరి నడిబొడ్డు సినిమా హాళ్ళు ఎందుకు పోయాయి?

సంక్షిప్తంగా: సెంటర్లో ఉండే పాత సినిమా హాళ్ళు మూతపడటానికి ఓటీటీ ఒక్కటే కారణం కాదు. ఫిల్ము ప్రింట్ల కొరత, సినిమా పెద్ద పట్టణాల నుంచి చిన్న ఊళ్ళకు దిగే ఏ-బీ-సీ సెంటర్ల వరస, అన్నిటికన్నా చవకైన నేల టికెట్టు అనే మూడింటి మీద నిలబడిన వ్యాపారం అది. డిజిటల్ ప్రొజెక్షన్ ఆ వరసను చెరిపేసింది. సినిమా ఆడే రోజులు తగ్గాయి. ఈలోగా హాలు కింద ఉన్న స్థలం విలువ హాలు సంపాదనను దాటిపోయింది.

గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్ళోనైనా సెంటర్లోని పాత సినిమా హాలును పడగొట్టడం మొదలుపెడితే ఆ కబురు సాయంత్రానికల్లా ఊరంతా తిరుగుతుంది. ఎక్కడెక్కడో స్థిరపడినవాళ్ళు కూడా పాత ఫొటోలు వెతికి పంచుకుంటారు. పెద్ద హీరో కటౌటు, దానికి వేలాడే గజమాల, గేటు ముందు తోపులాట, వంద రోజుల బ్యానరు. వాటి కింద కనిపించే వివరణ మాత్రం దాదాపు ఒక్కటే: ఓటీటీలు వచ్చి హాళ్ళను మింగేశాయని.

కాలక్రమం చూస్తే ఈ వివరణ నిలవదు. తెలుగు ప్రేక్షకులు పెద్ద ఎత్తున ఓటీటీకి అలవాటు పడింది 2020 లాక్‌డౌన్ నుంచి. డెల్టా పట్టణాల్లో చాలా హాళ్ళు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే కల్యాణ మండపాలుగానో షాపింగ్ కాంప్లెక్సులుగానో మారిపోయాయి. అసలు సంగతి తెలియాలంటే ఆ హాళ్ళు ఎలా నిండేవో ముందు చూడాలి.

వడ్ల డబ్బు హాలుగా మారిన తీరు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలవల కింద వరి స్థిరపడింది. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ పండే చోట రైసు మిల్లులు వెలిశాయి. మిల్లుల దగ్గర, పెద్ద రైతుల దగ్గర మిగులు డబ్బు పోగుపడింది. ఆ డబ్బు వెతుక్కున్న దారుల్లో సినిమా ఒకటి. సినిమా తీస్తే ఉన్నదంతా ఊడ్చుకుపోయే ప్రమాదం ఉంది. హాలు కడితే ఆ భయం తక్కువ. ఒక సినిమా ఆడకపోయినా స్థలం, గోడలు, ప్రొజెక్టర్లు మిగులుతాయి, వచ్చే శుక్రవారం ఇంకో సినిమా వస్తుంది.

సినిమా తీయడానికీ ఇక్కడ ప్రయత్నం జరిగింది. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు. కానీ నిర్మాణం మద్రాసులో స్థిరపడింది. డెల్టాకు దక్కింది ప్రదర్శన రంగం. మద్రాసులో సంపాదించిన డబ్బు తిరిగి ఇక్కడ హాలుగా మారడమూ ఉంది. నటుడు రేలంగి వెంకట్రామయ్య తాడేపల్లిగూడెంలో తన పేరు మీదే చిత్రమందిరం కట్టించారు.

హాలు సెంటర్లోనే ఉండాల్సిన అవసరం అప్పుడు గట్టిగా ఉండేది. ప్రేక్షకుల్లో పెద్ద భాగం పట్టణంవాళ్ళు కాదు, చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల పల్లెలవాళ్ళు. పురుగుమందు కొనడానికో, పెళ్ళి బట్టలకో, ఆసుపత్రికో బస్సెక్కి వచ్చి, పని చూసుకుని, మ్యాట్నీ చూసి, పొద్దుగూకకముందే ఇల్లు చేరేవాళ్ళు. అందుకే బస్టాండు, బట్టల బజారు, హోటళ్ళు, సినిమా హాళ్ళు నడిచి చేరేంత దగ్గర్లో ఉండేవి. కాకినాడలో సినిమా రోడ్డు అనే పేరుతో ఒక వీధే ఉంది. రాజమహేంద్రవరంలో శ్యామలా సెంటర్‌కు ఆ పేరు హాలు వల్ల వచ్చిందే.

సినిమా సీజను కూడా పంటను బట్టే నడిచింది. సార్వా కోతలు, నూర్పులు అయ్యాక వచ్చే సంక్రాంతి, దాళ్వా ధాన్యం అమ్ముడయ్యాక వచ్చే వేసవి. కూలీ చేతిలోనూ రైతు చేతిలోనూ నగదు ఆడే ఈ రెండు కాలాల్లోనే పెద్ద సినిమాలు దిగేవి. వరి పొలాలు చేపల, రొయ్యల చెరువులుగా మారిన చోట ఆ లయ సడలింది కానీ సంక్రాంతి రిలీజు అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు.

నేల టికెట్టు

పాత హాల్లో తెరకు దగ్గరగా నేల, దాని వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు, పైన బాల్కనీ. చాలాచోట్ల ఆడవాళ్ళకు వేరే క్యూ, నేలలో అడ్డు కట్టి వేరు చేసిన భాగం. నేల టికెట్టు కౌంటరుకు వెళ్ళే దారి మనిషి పట్టేంత సన్నటి సందు. అటూ ఇటూ గోడ, పైకెక్కి దూకకుండా ఇనప కడ్డీలు, చివర చెయ్యి మాత్రమే దూరే కన్నం. చిల్లర బిగించిన పిడికిలి అందులోకి వెళ్ళి, టికెట్టు ముక్కతో బయటికి వచ్చేది. ఒక్కో కన్నంలో ఒకేసారి నాలుగైదు చేతులు దూరేవి. రంగు కాగితం మీద అచ్చేసిన ఆ టికెట్టును గేటు దగ్గర సగానికి చించి, మిగతా సగం తిరిగి ఇచ్చేవాళ్ళు.

నేలకూ బాల్కనీకీ తేడా ధరలో మాత్రమే లేదు. చాలా హాళ్ళలో బాల్కనీవాళ్ళు ముందు మెట్ల మీదుగా, నేలవాళ్ళు పక్క సందులోంచి లోపలికి వెళ్ళేవాళ్ళు. ఇంటర్వెల్లో సోడాలు, వేరుశనక్కాయలు కొనే చోట్లు కూడా వేరు. ఊరంతా ఒకే కప్పు కింద కూర్చుందన్నది నిజం. సమానంగా కూర్చుందన్నది నిజం కాదు. జ్ఞాపకాల్లో ఈ వివరం తరచుగా జారిపోతుంది. ఆ జ్ఞాపకాలు రాసేవాళ్ళలో ఎక్కువమంది కుర్చీ, బాల్కనీ కుటుంబాలవాళ్ళు కావడం దీనికొక కారణం కావచ్చు.

వ్యాపారపరంగా నేల విలువ చాలా పెద్దది. ఒక్కో టికెట్టు మీద వచ్చేది తక్కువే అయినా, అదే మనిషి అదే సినిమాకు రెండోసారి, మూడోసారి వచ్చేది అక్కడే. వారం గడిచాక బాల్కనీ ఖాళీ అయినా నేల నిండితే హాలు ఖర్చు గట్టెక్కేది. ఎనిమిది వందలు, వెయ్యి సీట్ల హాళ్ళు కట్టడానికి యజమానులు ధైర్యం చేసింది ఈ లెక్క మీదే.

పెట్టె వచ్చేదాకా ఎదురుచూపు

35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండు గంటల నలభై నిమిషాల సినిమా అంటే 14,400 అడుగులు. వెయ్యి అడుగుల రీళ్ళ లెక్కన పద్నాలుగు, పదిహేను రీళ్ళు. వాటిని ఇనప పెట్టెల్లో పెట్టి హాలుకు చేర్చాలి.

క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన ఉండేవి. ఒకదానిలో రీలు అయిపోవచ్చేసరికి తెర కుడి పై మూలన చిన్న గుండ్రటి మచ్చ ఒక్క క్షణం కనిపిస్తుంది. అది చూసి ఆపరేటర్ రెండో ప్రొజెక్టరు మోటారు తిప్పుతాడు. కొద్ది సెకన్లకు రెండో మచ్చ కనిపించగానే వెలుతురు మళ్ళిస్తాడు. హాల్లో వందల మంది చూస్తున్నా ఆ మచ్చ పట్టేది ఆపరేటర్ కంటికే. జినాన్ ల్యాంపులు రాకముందు ఆ వెలుతురు కార్బన్ కడ్డీల మధ్య పుట్టే మంటది. కడ్డీలు కాలి పొట్టి అవుతున్నకొద్దీ వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఉండాలి. ఆ పనిలో ఏమరపాటు పడితే తెర మసకబారేది, నేలలోంచి ఈలలు మొదలయ్యేవి.

ప్రింటు తీయించడం ఖర్చుతో కూడిన పని. అందుకే ప్రతి హాలుకూ ఒకటి ఇచ్చేవాళ్ళు కాదు. డిస్ట్రిబ్యూటర్లకు రెండు గోదావరి జిల్లాలు రెండు టెరిటరీలు, అంటే రెండు వ్యాపార ప్రాంతాలు: ఈస్ట్, వెస్ట్. 2022 ఏప్రిల్‌లో ఈ రెండు జిల్లాలు ఐదయినా, కలెక్షన్లు చెప్పేటప్పుడు సినిమా వ్యాపారం ఇప్పటికీ ఈస్ట్, వెస్ట్ అనే అంటుంది. ఒక్కో టెరిటరీలో ఉన్న కొద్ది ప్రింట్లు మొదట పెద్ద పట్టణాల్లోని 'ఏ' సెంటర్లలో ఆడేవి. అక్కడ కలెక్షన్ తగ్గాక బీ సెంటర్లకు, గీతలు పడి, అతుకులు పడ్డాక సీ సెంటర్లకు, డేరా హాళ్ళకు దిగేవి. పక్కపక్క ఊళ్ళలోని రెండు హాళ్ళకు ఒకటే ప్రింటు అయితే ఆట వేళలు కాస్త అటూ ఇటూగా పెట్టేవాళ్ళు. ఇక్కడ అయిపోయిన రీళ్ళు మోటారు సైకిలెక్కి అక్కడికి పరిగెత్తేవి. దారిలో ఆలస్యమైతే అక్కడ ఇంటర్వెల్ సాగేది.

సెంటర్లోని హాలుకు ఇంత వైభవం వచ్చింది ఈ కొరత నుంచే. సినిమా తొందరగా చూడాలంటే పట్టణానికి రావాలి. పట్టణంలో ఆ సినిమా ఉన్నది ఒకటి రెండు హాళ్ళలోనే. దాంతో జనం పోటెత్తేవాళ్ళు, టికెట్లు బ్లాకులో అమ్ముడయ్యేవి, యాభై రోజులు, వంద రోజులు పోస్టర్లు పడేవి. ఈ రోజు ఎంతో ఇష్టంగా గుర్తు చేసుకుంటున్న ఆ సందడిలో సగం, సీట్లు చాలకపోవడం వల్ల పుట్టింది. సినిమా మీద ప్రేమ అప్పుడెక్కువ, ఇప్పుడు తక్కువ అని తేల్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వంద రోజులు రెండు రోజులయిన లెక్క

2000 దశకం మధ్య నుంచి క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ వ్యవస్థలు హాళ్ళలోకి వచ్చాయి. ఫిల్ము ప్రింటు స్థానంలో హార్డ్ డిస్కు, ఉపగ్రహ ప్రసారం వచ్చాయి. ఇంకో హాలుకు సినిమా ఇవ్వడానికి అయ్యే అదనపు ఖర్చు బాగా తగ్గింది. సీ సెంటర్‌కు కూడా మొదటి రోజే కొత్త సినిమా దొరికింది. పల్లె ప్రేక్షకుడికి ఇది మేలే. గీతల్లేని బొమ్మ, తెగిపోని పాట మొదటిసారి అతనికి అందాయి.

పట్టణం హాలుకు ఏమైందో తెలియడానికి ఊహించిన అంకెలతో ఒక లెక్క వేసి చూడొచ్చు. ఒక పట్టణం, చుట్టుపక్కల పల్లెలు కలిపి ఒక సినిమా చూడదలచినవాళ్ళు 50,000 మంది అనుకుందాం. 900 సీట్ల హాలు ఒక్కటే ఉంటే, రోజుకు నాలుగు ఆటలతో 3,600 మంది చూడగలరు. ప్రతి ఆటా నిండినా అందరూ చూసేసరికి 14 రోజులు పడుతుంది. నిజానికి ప్రతి ఆటా నిండదు కాబట్టి అది ఐదారు వారాలకు సాగుతుంది. అదే సినిమా ఒకేసారి పది హాళ్ళలో దిగిందనుకుందాం. సగటున 600 సీట్లు వేసుకున్నా రోజుకు 24,000 మంది. రెండు రోజుల్లో చూడాల్సినవాళ్ళు దాదాపు అంతా చూసేస్తారు.

చూసిన జనం అంతే, కట్టిన డబ్బు కూడా ఇంచుమించు అంతే. కానీ అది ఒక హాలుకు నెల పైగా వచ్చే బదులు పది హాళ్ళకు రెండు మూడు రోజుల్లో వచ్చిపోతుంది. హాలు సిబ్బంది జీతాలు, కరెంటు బిల్లు, ఆస్తి పన్ను మాత్రం ఏడాది పొడవునా ఉంటాయి. పెద్ద సినిమాలు ఏడాదికి కొన్నే. మిగతా వారాల్లో 900 సీట్ల హాల్లో యాభై మందికి ఆట వేయాలి, లేదా ఆట ఎత్తేయాలి. పెద్దగా ఉండటమే ఒకప్పుడు ఆ హాలు బలం. లెక్క మారాక అదే బరువైంది. మల్టీప్లెక్సుకు ఈ ఇబ్బంది తక్కువ: జనం తగ్గితే సినిమాను చిన్న స్క్రీనుకు మారుస్తుంది, పెద్ద స్క్రీను ఇంకో సినిమాకు ఇస్తుంది. కొన్ని పాత హాళ్ళు గోడలు కట్టుకుని రెండు మూడు స్క్రీన్లుగా విడిపోయి బతికింది ఇందుకే.

అద్దెలు, ధరలు, పన్నులు

హాలుకూ డిస్ట్రిబ్యూటరుకూ మధ్య రెండు రకాల ఒప్పందాలు నడుస్తాయి. ఒకటి వారానికి ఇంత అని అద్దె. రెండోది వచ్చిన దాంట్లో పర్సంటేజీ. సినిమా వారాల తరబడి ఆడిన రోజుల్లో అద్దె హాలుకు భద్రత. రాబడి అంతా మొదటి మూడు రోజుల్లోకి కుంచించుకుపోయాక, అద్దె పద్ధతిలో పెద్ద సినిమా లాభంలో హాలుకు వాటా రావడం లేదు. కలెక్షన్ పడిపోయాక మాత్రం డిస్ట్రిబ్యూటర్లు పర్సంటేజీకి మారమంటున్నారని యజమానుల ఫిర్యాదు. 2025లో ఈ గొడవ బయటికి వచ్చింది తూర్పు గోదావరి ఎగ్జిబిటర్ల (హాళ్ళు నడిపేవాళ్ళ) నుంచే. మొదటి నుంచీ పర్సంటేజీ పద్ధతే ఉండాలన్న డిమాండు రెండు తెలుగు రాష్ట్రాలకూ పాకి, జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తామన్నంత దాకా వెళ్ళింది.

టికెట్టు ధర హాలు యజమాని చేతిలో లేదు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2021 ఏప్రిల్ నాటి జీవో 35 ప్రకారం పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్ళలో ధరలు 5, 10, 15 రూపాయలు. ఆ ఏడాది డిసెంబరులో లైసెన్సుల తనిఖీలు కూడా తోడవడంతో రాష్ట్రంలో చాలా హాళ్ళు మూతపడ్డాయి. 2022 మార్చిలో ధరలు సవరించారు. సామాన్యుడికి అందుబాటులో ధర ఉండాలన్న ఆలోచన తప్పు కాదు. కానీ ఏసీ, కొత్త సౌండు లేకపోతే జనం రాని కాలంలో, ఐదు రూపాయల టికెట్టుతో వాటిని పెట్టడం సాధ్యం కాదు. ధర పెంచితే నేల ప్రేక్షకుడు దూరమవుతాడు, పెంచకపోతే హాలు పాతబడిపోతుంది. ఈ చిక్కుముడి ఇంకా విడలేదు.

పన్ను విషయంలో కొంత ఊరట ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 100 దాటితే 18 శాతమే. చిన్న హాళ్ళకు పనికొచ్చే మార్పే కానీ, ఖాళీ సీటును నింపే శక్తి దీనికి లేదు.

హాలు కన్నా స్థలం ఖరీదు

పాత హాలు ఉన్న చోటు చూడండి. మెయిన్ రోడ్డు మీద వెడల్పాటి ముందుభాగం, సైకిలు స్టాండు కోసం వదిలిన ఖాళీ, నాలుగు వైపులా దారి. పట్టణాల్లో ఇంత పెద్ద స్థలం ఒకే పేరు మీద, సెంటర్లో, ఇంకెక్కడా దొరకదు. కల్యాణ మండపానికీ బట్టల షోరూముకూ అపార్టుమెంటుకూ అదే కావాలి. మండపానికి ముహూర్తాల రోజుల్లో వచ్చే అద్దె, రోజూ నాలుగు ఆటలు తిప్పితే వచ్చే దానికన్నా నికరంగా కనిపించడం మొదలయ్యాక నిర్ణయం కష్టమేమీ కాలేదు. రొయ్యల డబ్బు చేరిన భీమవరంలో, 2022లో అది జిల్లా కేంద్రం కూడా అయ్యాక, భూమి మీద ఒత్తిడి మరింత పెరిగింది.

వారసత్వం సంగతి కూడా ఉంది. హాలు కట్టిన తరం ఒక్కరి పేరు మీద కట్టింది. మూడో తరానికి వచ్చేసరికి వాటాదారులు పది పన్నెండు మంది, అందులో సగం హైదరాబాద్, అమెరికా. నడపాలన్న ఆసక్తి ఒక్కరికి ఉన్నా మిగతావాళ్ళ వాటాలు కొనలేరు. లీజుకు ఇస్తారు, లీజు గడువు అయ్యాక అమ్ముతారు. మూతపడిన చాలా హాళ్ళ చివరి అధ్యాయం సినిమా కథ కాదు, ఆస్తి పంపకాల కథ.

ఓటీటీ పాత్ర ఎంత?

టీవీ, వీసీఆర్, 1995లో మొదలైన ఈటీవీ, జెమిని లాంటి శాటిలైట్ ఛానెళ్ళు హాళ్ళను దెబ్బతీశాయి కానీ పడగొట్టలేదు. కొత్త సినిమా టీవీలో రావాలంటే చాలాకాలం ఆగాల్సి వచ్చేది. ఓటీటీ ఆ వ్యవధిని నాలుగు వారాల దాకా కుదించింది. దాంతో రెండో వారం, మూడో వారం మీద ఆశపెట్టుకున్న హాళ్ళకు ఆ ఆశ పోయింది. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి చర్చించిన విషయాల్లో ఈ గడువు ముఖ్యమైనది. అప్పటికే బలహీనపడిన హాలు మీద పడిన చివరి దెబ్బ ఓటీటీ అనుకుంటే సరిగ్గా ఉంటుంది.

ఇక మీదట

సొంత స్థలం, తక్కువ వాటాదారులు, రెండు మూడు స్క్రీన్లుగా మారే వీలు ఉన్న హాళ్ళు నిలబడే అవకాశం ఎక్కువ. పర్సంటేజీ వివాదం ఎగ్జిబిటర్ల వైపు తేలితే ఇంకొన్ని ఊపిరి పీల్చుకుంటాయి. 900 సీట్ల ఒంటి హాలు మాత్రం పెద్ద పట్టణాల్లో కూడా అరుదైపోతుంది. కేరళలో రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ తిరువనంతపురంలోని కైరళి, శ్రీ లాంటి హాళ్ళను నడుపుతూ నగరం నడుమ ప్రేక్షకుడికి ఒక చోటు నిలిపింది. ఆంధ్రలో మొదటి నుంచీ హాళ్ళు ప్రైవేటు చేతుల్లోనే పెరిగాయి కాబట్టి, యజమాని మానేస్తే పట్టుకునే చెయ్యి లేదు.

నష్టం ఎవరిదన్నది అంత స్పష్టంగా చర్చకు రావడం లేదు. బాల్కనీ ప్రేక్షకుడికి మల్టీప్లెక్సు దొరికింది, ఇంట్లో పెద్ద టీవీ కూడా ఉంది. నేల ప్రేక్షకుడికి దొరికింది ఫోను. కూలి పని ముగించుకుని నలుగురితో కలిసి ఊరి మధ్యలో మూడు గంటలు కూర్చునే చవకైన చోటు అతనికి మళ్ళీ ఏర్పడలేదు. ఆడవాళ్ళకు ఇది ఇంకా పెద్ద లోటు. పండగ, గుడి కాకుండా ఇల్లు దాటి పదిమందిలో కూర్చునే వీలున్న చోట్లలో మ్యాట్నీ ఒకటి.

కూలిపోయిన హాళ్ళను తిరిగి కట్టలేకపోయినా, వాటి వివరాలు కాపాడుకోవడానికి ఇంకా సమయం ఉంది. లైసెన్సు కోసం ప్రతి హాలూ ప్రభుత్వానికి భవనం ప్లాను, తరగతుల వారీగా సీట్ల సంఖ్య ఇచ్చింది. ఆ ఫైళ్ళు పాత జిల్లా కేంద్రాల నుంచి కొత్త జిల్లాలకు సర్దుబాటు అయ్యే క్రమంలో చెదిరిపోకుండా చూడాలి. రోజువారీ కలెక్షన్ రాసిన డీసీఆర్ పుస్తకాలు యజమానుల ఇళ్ళలో, పాత మేనేజర్ల పెట్టెల్లో ఉండి ఉంటాయి. ఏ సినిమాకు నేలలో ఎంతమంది, ఆడవాళ్ళ క్లాసులో ఎంతమంది అన్నది ఆటల వారీగా చెప్పగలిగినవి అవే. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం లాంటి చోట వాటికి ఒక బీరువా కేటాయించి, ఇచ్చేవాళ్ళను అడిగి తెప్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. హాలును పడగొట్టేటప్పుడు మొదట చెత్తబండి ఎక్కేవి ఆ కాగితాలే కాబట్టి, ఈ అడగడం పడగొట్టే కబురు తెలిసిన రోజునే జరగాలి.